కోరుట్లలో ఆగిన ఫ్రీజర్ బండి

మల్లాపూర్‌లో కనకవ్వ చనిపోయింది. కూతురు దీవెన భీవండి నుంచి బయలుదేరింది, రేపు పొద్దునకు గానీ చేరదు. "అన్నా, అమ్మ మొఖం ఒక్కసారి సూడాలె," అని ఫోన్‌లో ఏడ్చింది. "నువ్వచ్చేదాక మీ అమ్మను కాపాడుత బిడ్డా," అని మాటిచ్చాడు సామేలు. శవాలను ఉంచే ఫ్రీజర్ బాక్స్‌ను ట్రాలీ ఆటోలో ఊరూరా కిరాయికి తిప్పడం అతని బతుకు. ఈ ఎండల్లో నడుం వాల్చింది లేదు.

జగిత్యాల నుంచి వస్తూ కోరుట్లలో ఆగాడు. బాక్స్ వైరుకున్న ప్లగ్గు కాలిపోయింది. మూసి ఉన్న కాంప్లెక్స్ ముందు బండి పెట్టి, వైరు పట్టుకుని ఎదురుగా లతీఫుద్దీన్ ఎలక్ట్రికల్ దుకాణంలోకి వెళ్లాడు. కొత్త ప్లగ్గు బిగించుకుని వచ్చేసరికి బండి లేదు.

"కాంప్లెక్సోల్లు పెట్టుకున్న ప్రైవేటు క్రేనోల్లు గుంజుకపోయిండ్రు సామేలన్నా," అన్నాడు లతీఫుద్దీన్. "ఆడ బోర్డు గీర్డు ఏం లేదు. హోటల్ల కూసుండి సూస్తుంటరు, మనిషి దిగంగనే ఎత్తుతరు."

ఇద్దరూ ఊరి బయట ఆ క్రేన్ వాళ్ల షెడ్డుకు వెళ్లారు. లోపల బండి మీద బాక్స్ ఎండుతోంది.

"బండి ఉంచుకో తమ్మీ, డబ్బ ఇయ్యి. ఆడ శవమున్నది," అని బతిమాలాడు సామేలు.

"ఓనర్ అచ్చి రేటు చెప్తడు. ఆగు," అన్నాడు కాపలావాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"లోపటి సామాను ఆపే హక్కు గీళ్లకెక్కడిది? కేసేద్దాం, కండ్లార సూసిన, నేను గవాయి చెప్త," అని లతీఫుద్దీన్ మండిపడ్డాడు.

"కోర్టుల సుట్టు ఎవ్వడు తిరుగుతడు భాయ్. నాతోని గాదు," అన్నాడు సామేలు, మట్టిలో కూలబడుతూ. వేరే బాక్సుల వాళ్లకు ఫోన్లు చేశారు. ఒక్కటీ ఖాళీ లేదు.

ఓనరు తీరిగ్గా సాయంత్రం వచ్చాడు. అడిగినంతా ముట్టజెప్పి సామేలు మల్లాపూర్ చేరేసరికి జనం సమాధుల దగ్గర్నుంచి తిరిగొస్తున్నారు. శవం చుట్టూ పేర్చిన ఐసుగడ్డలు ఎండకు ఆగలేదట. పాస్టరే ఇక ఉంచొద్దన్నాడట.

వెళ్లిపోవచ్చు. కానీ మాటిచ్చిన మనిషికి మొహం చూపకుండా పోవడానికి అతనికి మనసొప్పలేదు. ఆ రాత్రి బండిలోనే పడుకున్నాడు.

పొద్దున దీవెన వచ్చింది. అతన్ని వెంటబెట్టుకుని సమాధి దగ్గరికి నడిచింది. తడి మట్టి మీద అరచేయి పెట్టి కూర్చుంది.

"సల్లగనే ఉన్నది అన్నా," అంది.

సామేలుకు ఏడుపు ఆగలేదు. బండి దగ్గరికి వచ్చి ఫోన్ తీశాడు.

"లతీఫ్ భాయ్, గవాయి చెప్తనంటివి గదా. అస్తున్న."