రోడ్డు వైపు తిరిగిన మానిటర్

అమలాపురంలో దొరబాబు స్టూడియోలో సత్యవేణి ఏడేళ్ల పాటు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసింది. ముందు గదిలో కౌంటరు, గోడ నిండా ఫ్రేములు కట్టిన పెళ్లి ఫొటోలు, ఫ్యాను కింద దొరబాబు. వెనక, కిటికీ లేని గదిలో కంప్యూటరు, ఆమె. పెళ్లివారు వచ్చి "వీడియో బెమ్మాండంగా చేసేరండీ" అంటే "ఆయ్, మూడు రోజులు తిండి కూడా గుర్తు లేదండి నాకు" అనేవాడు దొరబాబు. ఆ మాట గోడ ఇవతలికి స్పష్టంగా వినిపించేది. మొదట్లో సత్యవేణి నవ్వుకునేది. తర్వాత నవ్వు రావడం మానేసింది.

2004 వేసవిలో అప్పనపల్లి దగ్గర పుష్పలత అనే అమ్మాయి పెళ్లయింది. ఆమె అన్న సూర్యప్రకాష్‌కి మస్కట్‌లో సెలవు దొరకలేదు. చెల్లెలికి చెప్పాలనుకున్న నాలుగు మాటలు ఆడియో క్యాసెట్లో రికార్డు చేసి పంపించాడు. పెళ్లి హడావిడిలో దాన్ని ఎవరూ పెట్టలేదు. మిగతా క్యాసెట్లతో పాటు అది కూడా స్టూడియోకి వచ్చింది. సత్యవేణి విన్నది. ఆడపిల్లని అప్పగించే చోట సన్నాయి తీసేసి ఆ అన్న గొంతు పెట్టింది. "నిన్ను సైకిలు మీద స్కూలుకి దింపినోణ్ణి, ఇవాళ కారెక్కించడానికి రాలేకపోయేనమ్మా" అన్న చోట పుష్పలత ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసిన ముక్క తెచ్చి అతికించింది. ఆ ముక్క నిజానికి కెమెరామన్ పొరపాటున తీసింది. పుష్పలత ఎవరో పిలిస్తే తిరిగింది, అంతే. కానీ ఆ వీడియో చూసిన వాళ్లలో కళ్లు తుడుచుకోని వాళ్లు లేరు.

ఆ ఏడాది ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్లు మండపేటలో మీటింగు పెట్టి ఆ వీడియోకి మొదటి షీల్డు ఇచ్చారు. దొరబాబు స్టేజీ ఎక్కి, అన్నం తింటుండగా ఆ ఆలోచన తనకి తట్టిందని, చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్లి కూర్చున్నానని చెప్పాడు. చివరి వరసలో కూర్చున్న సత్యవేణి అందరితో పాటు చప్పట్లు కొట్టింది. తన చేతులు తన మాట వినకుండా కొట్టాయని తర్వాత చాలాసార్లు అనుకుంది.

మర్నాడు పొద్దున్నే అడిగింది.

"ఇక మీదట వీడియో చివర్న నా పేరు కూడా వెయ్యండి, దొరబాబు గారూ. చిన్న అక్షరాల్లోనే."

కౌంటరు దగ్గర ఇద్దరు పెళ్లివారు ఉన్నారు. దొరబాబు వాళ్ల వైపు చూసి నవ్వాడు.

"మిక్సీ తిప్పినోళ్ల పేరు పచ్చడి మీద రాస్తారేంటి సత్యవేణీ?"

వాళ్లూ నవ్వారు. సత్యవేణి చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసింది. మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేదు.

అక్కడితో ఆగినా ఆమె మర్చిపోయేదేమో. వారం తిరక్కుండా దొరబాబు చుట్టుపక్కల స్టూడియోలన్నిటికీ ఫోన్లు చేశాడు. అప్పనపల్లి పెళ్లి క్యాసెట్లు సత్యవేణి ఎత్తుకుపోయిందని, జాగ్రత్తగా ఉండమని. కొత్తపేటలో ఆమెని కూర్చోమనలేదు. రావులపాలెంలో ఖాళీ లేదన్నారు. రాజోలులో ఒకాయన రెండు రోజులు పని చేయించుకున్నాడు. రెండో రోజు ఆమె ఇంటికి బయల్దేరుతుంటే "ఏమీ అనుకోకండి, ఓసారి బ్యాగు చూపించండి" అన్నాడు. చూపించింది. టిఫిను డబ్బా, దువ్వెన, బస్సు టిక్కెట్లు. ఆయన డబ్బా మూత కూడా తీసి చూశాడు.

ఆ సాయంత్రం ముక్తేశ్వరంలో ఇంటికి వచ్చి పంపు కింద ఆ డబ్బాని మూడుసార్లు తోమింది.

తల్లి పోయాక సత్యవేణిని పెంచింది మేనమామ గంగయ్యే. ఆయన రేవులో పడవలు కట్టే వడ్రంగి. వంతెనలు వచ్చాక పడవ పని తగ్గి, మంచాలకీ తలుపులకీ దిగాడు. డబ్బా తోముతున్న మేనకోడల్ని చూసి అడిగాడు.

"ఏమైందే?"

ఆమె అంతా చెప్పింది. చివర్న "ఉద్యోగం చెయ్యను మావయ్యా. దొరబాబు స్టూడియోకి ఎదురుగా టైలరు కొట్టు ఖాళీ అయింది. అది తీసుకుంటాను" అంది.

"ఎదురుగానే ఎందుకు? ఊళ్లో ఇంకెక్కడా కొట్లు లేవా?"

"ఎదురుగానే కావాలి."

తల్లి గాజులు అమ్మింది. మూతపడిన కంప్యూటరు సెంటరు ఒకటి సామాను తీసేస్తుంటే మూడు పెద్ద మానిటర్లూ రెండు కంప్యూటర్లూ కొనుక్కుంది. అప్పటి మానిటర్లు ఇప్పటిలా పలకల్లా ఉండేవి కావు. ఒక్కోటీ బియ్యం బస్తా ఎత్తినట్టుండేది. మామూలు టేబుల్ మీద మూడూ పట్టవు, పట్టినా చెక్క వంగిపోతుంది. బజార్లో అలాంటి స్టాండు ఎక్కడా దొరకదు.

"నువ్వు చెయ్యాలి మావయ్యా. రెండు మానిటర్లు నా ముందు పక్కపక్కన, కొంచెం లోపలికి తిరిగి ఉండాలి. ఒకదాంట్లో వచ్చిన ముక్కలు, ఒకదాంట్లో అతికించేవి చూసుకుంటాను. మూడోది వాటి పైన ఉండాలి. అటూ ఇటూ తిరగాలి."

"పనికి రెండు సరిపోతాయంటున్నావు. మూడోది ఎవరికి?"

"దొరబాబుకి."

గంగయ్య ఆమె మొహంలోకి చూసి కొలత టేపు తీశాడు.

మొదటిసారి చేసింది నిలబడలేదు. మానిటరు వెనక అంత పొడుగు బుర్ర ఉంటే బరువంతా అక్కడే ఉంటుందనుకుని గంగయ్య దాని కింద ఆనే చెక్క దిమ్మని వెనక్కి జరిపి బిగించాడు. పై మానిటరు పెట్టి చేతులు తియ్యగానే స్టాండు ముందుకి ఒరిగింది. ఎదురుగా ఉన్న సత్యవేణి పక్కకి తప్పుకోలేదు. కుడి భుజం అడ్డం పెట్టింది. గంగయ్య వచ్చి పట్టుకునేదాకా అలాగే నిలబడింది. అద్దం మీద గీత పడలేదు గానీ ఆమె భుజం నల్లగా కమిలిపోయింది.

"పోతే పోయేది, ఓ గాజు పెట్టె! చెయ్యి విరిగుంటే ఏం చేసేదానివే?" గంగయ్య అరిచాడు.

"ఎడం చేత్తో చేసేదాన్ని" అంది సత్యవేణి.

ఆయనకి మొదటిసారి భయం వేసింది. కానీ పని మీద పంతం కూడా వచ్చింది. వంటింట్లోంచి రోకలి తెచ్చి నేల మీద పడుకోబెట్టి, మానిటరుని దాని మీద పెట్టి ముందుకీ వెనక్కీ దొర్లించాడు. ఎటూ ఒరగకుండా నిలిచిన చోట సుద్దముక్కతో గీత గీశాడు. గీత వెనక లేదు, దాదాపు ముందు అద్దం దగ్గర ఉంది.

"బరువంతా మొహంలోనే ఉంది దీనికి" అన్నాడు ఆశ్చర్యంగా.

అప్పట్నుంచి పని పరుగెత్తింది. పడవ లోపల పక్కటెముకలకి వాడేటట్టు వంపు తిరిగిన తుమ్మ చెక్కలు రెండు ఏరి, వాటి మీద కింది మానిటర్లకి పీట కట్టాడు. ఆ వంపు వల్ల రెండూ వాటంతటవే లోపలికి తిరిగి నిలిచాయి. మధ్యలో నిలువు దూలం. దాని తల మీద, రావులపాలెంలో పాత ఇనుము కొట్లో ఏరి తెచ్చిన లారీ చక్రం బేరింగు. బేరింగు మీద ఇనప పలక, పలక మీద మూడో మానిటరు, అది జారకుండా నైలాను పట్టీలు. స్టాండు కాళ్లని గచ్చులోకి బోల్టులు వేసి బిగించాడు. ఆఖరికి తనే దాని మీద చేతులు ఆనించి వేలాడి చూశాడు. కదల్లేదు. ఒక్క వేలితో నెడితే మాత్రం పై మానిటరు చప్పుడు లేకుండా గోడ నుంచి రోడ్డు వైపు తిరిగింది.

సత్యవేణి కొట్టు ముందుభాగం మొత్తం అద్దం పెట్టించింది. తను పని చేస్తుంటే వచ్చేపోయే వాళ్లందరికీ కనబడాలి. మూడో మానిటరుని సరిగ్గా దొరబాబు కౌంటరుకి ఎదురుగా తిప్పి, పట్టీ బిగించింది.

మొదటి వారం దానిలో ఏం వెయ్యాలో ఆమెకే తెలియలేదు. తెలిసేలా చేసింది పుష్పలత. సీమంతానికి పుట్టింటికి వచ్చి, వీడియో ఇంకో కాపీ కోసం దొరబాబు దగ్గరికి వెళ్తూ, అద్దం వెనక సత్యవేణిని చూసి ఆగింది. ఒకసారి వీడియో తీసుకోవడానికి వచ్చినప్పుడు స్టూడియో వెనక గదిలో ఆమెని చూసిన గుర్తు.

"మీరిక్కడున్నారేంటండీ?"

సత్యవేణి మొహమాట పడలేదు. "మీ పెళ్లి క్యాసెట్లు నేను దొంగిలించేనట అండీ. అందుకని బయటికొచ్చేసేను" అంది.

"మా క్యాసెట్లా?" పుష్పలత కళ్లు పెద్దవి చేసింది. "అవి మా ఇంట్లోనే ఉన్నాయి కదండీ. అన్నయ్య అడిగితే దొరబాబు గారే ఇచ్చేరు. అన్నీ అప్పజెప్పేనని కాయితం కూడా రాసి సంతకం పెట్టేరు."

రెండు రోజుల్లో ఆ క్యాసెట్లు, ఆ కాగితం, అన్న పంపిన ఆడియోతో సహా తెచ్చి సత్యవేణి చేతిలో పెట్టింది. ఆ వీడియో ఎవరు చేశారో ఆ రోజే ఆమెకి తెలిసింది. తెలిశాక "మీ పేరు వెయ్యండి, పెద్దగా వెయ్యండి, అందరికీ చూపించండి" అని తనే అంది.

సత్యవేణి అదే వీడియోని మొదట్నుంచి మళ్లీ చేసింది. చివర్న తెర నిండా 'ఎడిటింగ్: సత్యవేణి' అని వేసింది. దాని తర్వాత క్యాసెట్లు వరసగా పేర్చిన బొమ్మ, దొరబాబు సంతకం ఉన్న కాగితం, తేదీతో సహా. కింద ఒకే వాక్యం: 'సత్యవేణి దొంగిలించిందన్న క్యాసెట్లు ఇవే.' పొద్దున్న కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా అది మూడో మానిటరులో తిరుగుతూనే ఉండేది. బస్సు కోసం నిలబడే వాళ్లు చూశారు. పక్క ఫ్యాన్సీ షాపుకి వచ్చేవాళ్లు చూశారు. చూసినవాళ్లు తలతిప్పి రోడ్డు అవతల దొరబాబుని చూశారు.

పదో రోజున దొరబాబు రోడ్డు దాటి వచ్చాడు.

"ఏంటి సత్యవేణీ ఇదంతా? ఏడేళ్లు అన్నం పెట్టేను."

"పని చేసేను, పెట్టేరు."

"ఆ టీవీ అటు తిప్పెయ్. మర్యాదగా చెప్తున్నాను."

"మానిటరండి అది. మా మావయ్య చేసిన స్టాండు, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. మీరు ఫోన్లు చేసిన వాళ్లందరికీ అబద్ధం చెప్పేనని ఒప్పుకోండి. తిప్పుతాను."

ఆయన తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. మరో మూడు వారాలకి, మాట్లాడుకున్న పెళ్లిళ్లు రెండు చెయ్యి జారిపోయాక, మళ్లీ వచ్చాడు. ఈసారి గొంతు తగ్గింది. సత్యవేణి కుర్చీ వేసింది. ఎదురుగా కెమెరా పెట్టింది.

"ఇది ఎవరికి?" అన్నాడు.

"సంఘం ప్రెసిడెంటు రాఘవులు గారికి చూపించాలండి."

అది అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు. దొరబాబు మొహం తుడుచుకుని, సత్యవేణి ఏ క్యాసెట్లూ తియ్యలేదని, షీల్డు వచ్చిన వీడియో ఆమే చేసిందని, తను కోపంలో అలా అన్నానని చెప్పాడు. చెప్పడం అయ్యాక తల వంచుకుని "అయిందా? ఆపేసేవా?" అని అడిగాడు. కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది.

రాఘవులుకి చూపించింది. ఆయన స్టూడియోలన్నిటికీ కబురు చేశాడు. మర్నాడు పొద్దున్న అదే ముక్క రోడ్డు వైపు మానిటరులో మొదలైంది. ఎక్కడ కోత పెడితే మనిషి పరువు నిలుస్తుందో సత్యవేణికి తెలుసు, ఆమె పనే అది. కోత పెట్టలేదు. ఆ వంచిన తల, 'ఆపేసేవా' అన్న మాట, అన్నీ ఉంచింది.

సాయంత్రం కాలేజీ బస్సు దిగిన ఆడపిల్లల్లో ఒకమ్మాయి అద్దం ముందు ఆగిపోయింది. దొరబాబు కూతురు హారిక. స్నేహితురాళ్లు చెయ్యి పట్టి లాగుతున్నా కదల్లేదు. ముక్క పూర్తయి, మళ్లీ మొదలయ్యేదాకా చూసి, రోడ్డు దాటి తండ్రి దగ్గరికి వెళ్లిపోయింది.

గంగయ్య లోపలే ఉన్నాడు.

"ఇంక చాలే. ఆ మనిషి చెప్పేశాడు. ఆ పిల్లేం చేసింది?"

"నా బ్యాగు వెతికినప్పుడు నేనేం చేసేను మావయ్యా?"

"నేను దీన్ని చేసింది ఇందుకని తెలిస్తే చెయ్యకపోదును."

"తెలిసే చేసేవు" అంది సత్యవేణి. గంగయ్య కండువా దులుపుకుని బయటికి వెళ్లాడు. ఆ రోజు ఆమె ఆపలేదు. ఆ నెలా ఆపలేదు.

2005 దసరా ముందు దొరబాబు స్టూడియో ఖాళీ చేసి మండపేట వెళ్లిపోయాడు. గోడల మీది ఫ్రేములు, కౌంటరు, షీల్డు వ్యానులోకి ఎక్కుతుంటే సత్యవేణి పని ఆపి, కుర్చీ అటు తిప్పుకుని, ఆఖరి సామాను దాకా చూసింది. వ్యాను కదిలాక పక్క హోటల్నుంచి పెసరట్టు ఉప్మా తెప్పించుకుని తృప్తిగా తింది. చాలా నెలల తర్వాత ఆమెకి తిండి రుచి తెలిసింది.

ఎదురుగా తాళం వేసిన షట్టరు మిగిలింది. మూడో మానిటరు ఇంకో నాలుగు రోజులు ఆ షట్టరుకే వీడియో చూపించింది. ఈలోగా ముహూర్తాలు మొదలై తొమ్మిది పెళ్లిళ్ల పని మీద పడింది. రాజోలు ఆయన కూడా తన క్యాసెట్లు పంపించాడు. రెండు మానిటర్లు చాలక ఒకరోజు ఆమె పైకి లేచి, పట్టీ వదులు చేసి, మూడోదాన్ని తన వైపు తిప్పుకుంది. వైరు మార్చింది.

గంగయ్య చూసి "కోపం తీరిందన్నమాట" అన్నాడు.

"లేదు. పనుంది" అంది, స్క్రీను మీంచి కళ్లు తియ్యకుండా.

తర్వాత రోజుల్లో కొట్టు పెరిగింది, పెద్ద మానిటర్లు పోయి పల్చనివి వచ్చాయి. హారిక పెళ్లి వీడియో రాఘవులు మనుషులు తీశారని తెలిసింది. ఎడిటింగ్‌కి తన దగ్గరికి పంపిస్తారేమోనని సత్యవేణి కొన్నాళ్లు చూసింది. పంపితే బాగా చేసేది. పంపలేదు. ఎప్పుడైనా మండపేట నుంచి ఎవరైనా వస్తే, మాటల మధ్యలో దొరబాబు ఎలా ఉన్నాడని అడిగేది. అంతంతమాత్రంగా ఉందండి అంటే, అయ్యో అని మాత్రం అనేది కాదు. "అలాగా" అని, టీ తాగుతారా అని అడిగేది.