అడుగున బెజ్జం లేని డబ్బా

మా బాల్కనీ నిన్నటికంటే ఏడడుగులు పొడవు పెరిగింది. ముప్ఫై రెండేళ్ళు సర్వేయరుగా పనిచేసినవాణ్ణి, కొలతలో పొరపాటు పడను. టేపు రెండుసార్లు పరిచి చూసుకుని, గోడమీద పెన్సిలుతో అంకె వేస్తాను. దానికి ఏడడుగులు ఇవతల నిన్నటి అంకె ఉంది, ఇంకా ఇవతల మొన్నటిది.

ఇవతలి చివర హైమక్క గది. అవతలి చివర, ఎండ తగిలే చోట, పాత రంగుడబ్బాలో గంజాయి మొక్క. నేను బీడీ కూడా ముట్టి ఎరగను. అక్క జబ్బు ఎముకల్లోకి పాకింది. మాత్రలు నొప్పిని గంటసేపు పక్కకి జరిపి, మళ్ళీ తెచ్చి అక్కడే పెడుతున్నాయి. ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చున్న ఒకాయన, ఈ ఆకు పనిచేస్తుందన్నాడు. గింజ కూడా ఆయనే ఇచ్చాడు. ఆయన పేరు చెప్పలేదు, నేను అడగలేదు.

ఇప్పుడు ఆకులు పసుపు బారుతున్నాయి.

"ఎక్కడికిరా?" అంటుంది అక్క, నేను చెంబు అందుకోగానే.

"మొక్క దగ్గరికి. ఇప్పుడే వచ్చేస్తాను."

"ఇప్పుడే అంటే ఎంత దూరం?"

కొలిచి చెబుతాను. న్యాయంగానే ఉందన్నట్టు తల ఊపుతుంది.

మొదట కింది ఆకులు పోయాయి. ఆకలేమోనని వేరుశనగ చెక్క నానబెట్టి పోశాను. తర్వాత నడిమి ఆకులు. పురుగేమోనని వేపనూనె రాశాను. మజ్జిగ, బూడిద, టీ పొడి అన్నీ అయ్యాయి. ఏది వేసినా దాని వెనక నీళ్ళు పోయాలి. పోసిన ప్రతి చెంబుకీ బాల్కనీ ఇంకాస్త సాగుతుంది. తిరగడం తగ్గించుకోవాలని చెంబు మానేసి బిందె మోస్తున్నాను.

వెళ్ళడానికే ఇప్పుడు ఒక పూట పడుతోంది. సగం దారిలో కూర్చుని కారియరు విప్పుతాను. అక్కడ పక్కింటివాళ్ళ తీగల మీద ఆరేసిన బట్టలు మా ఊరివి కావు.

ఒక్కరోజు వెళ్ళకపోతే ఏమవుతుంది అనిపిస్తుంది. కానీ నొప్పి ముందు ఉత్తచేతులతో కూర్చోవడం నాకు చేతకాదు. అక్కడ కొలవడానికి ఏమీ ఉండదు. బిందె ఎత్తుకుంటాను.

కబురు పెడితే, మంగళవారం ఉదయం కడియం నుంచి అబ్బులు వస్తాడు. నలభై ఏళ్ళుగా నర్సరీలో పనిచేస్తున్న మనిషి. సైకిలు దిగకుండానే బాల్కనీలోకి ఎక్కి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని తొక్కుతాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి చేరతాం.

"ఇదేం మొక్కండీ?"

"బంతి."

"బంతేనండి. నేనూ అదే సూత్తన్నాను."

ఒక ఆకు తెంపి చెవి దగ్గర పెట్టుకుంటాడు. ఇంకొకటి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేస్తాడు.

"కింది ఆకులు పసుపైతే ఆకలండి. పై ఆకులు పసుపైతే బెంగండి. అన్నీ పసుపైతే నీళ్ళెక్కువైనట్టు. రోజూ పోత్తన్నారా?"

"రోజుకి నిండు బిందె."

"అది అడిగిందాండీ?"

అబ్బులు డబ్బా పక్కకి ఒరగదీసి, అడుగు తడిమి చూస్తాడు.

"బెజ్జం లేదండి," అంటాడు. తిట్టినట్టు కాదు, పలకరించినట్టు. "పోసింది పోసినట్టే లోపలుంది. ఏర్లు కుళ్ళిపోయాయండి. పెట్టీ పెట్టీ సంపేశారు."

మొక్కని పట్టుకుని లాగుతాడు. మట్టితో సహా మూతలా లేచి వస్తుంది. కింద నల్లటి నీళ్ళు. అబ్బులు భుజం దాకా చెయ్యి ముంచుతాడు. ఆ డబ్బా ఎత్తు మూరెడే. మగ్గుతో తోడి నేలమీద పోస్తాడు. నీళ్ళలోంచి హైమక్క గొంతు వినిపిస్తుంది.

"తమ్ముడూ, ఒకసారి వస్తావా?"

రెండో మగ్గు. "మాత్ర కోసం కాదురా. ఊరికే."

మూడోది. "ఈ పక్కకి తిరగలేకపోతున్నాను. నువ్వే అటొచ్చి కూర్చో."

నాలుగోది. "సరేలే. పనిలో ఉన్నట్టున్నావు."

"దూరం నుంచి పిలిత్తే మాట పల్లానికి పోద్దండి," అంటాడు అబ్బులు. "ఇంకా సానా ఉన్నాయి. తోడమంటారా?"

నేను అప్పటికే పరుగెడుతున్నాను.

టేపు పడిపోతుంది, చెప్పులు ఊడిపోతాయి. గోడమీద నా అంకెలు పెద్దవాటి నుంచి చిన్నవాటికి వెనక్కి పోతుంటాయి. ఒక్కొక్క అంకె దగ్గరా, ఆ రోజు ఇక్కడే ఆగిపోయి ఉండాల్సింది అనుకుంటాను. అన్ని అంకెల దగ్గరా అదే అనుకుంటాను.

అక్క మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ముఖం తేటగా ఉంది.

"నొప్పి వెళ్ళిపోయిందిరా," అంటుంది.

"ఎప్పుడు?"

"ఇందాకే. ఎవరూ లేరని చెప్పి లేచి వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళు కలిసి ఉన్నాం కదా, ఒక్కదాన్నే ఎలా పంపను?"

"నేను వచ్చాను కదక్కా."

"వచ్చావు," అంటుంది, నన్ను ఓదారుస్తున్నట్టు. కళ్ళు మూసుకుంటుంది. మణికట్టు పట్టుకుంటాను. వేళ్ళు జరిపి జరిపి చూస్తాను. ఎక్కడా ఏమీ కదలదు.

కూర్చోవడానికి గుమ్మం దగ్గరున్న స్టూలు అందుకుని వెనక్కి తిరుగుతాను. అప్పటికే సీలింగు ఫ్యాను ఆగిపోయింది. కడ్డీ వదులు చేసుకుని నెమ్మదిగా నేలకి దిగుతుంది. మూడు రెక్కలూ ఒద్దికగా ముడుచుకుని, మంచం పక్కన, నేను కూర్చోవలసిన చోట కూర్చుంటుంది. ఇన్ని నెలలూ అక్క కళ్ళెదుట ఉన్నది అదే.

"బంధువులా?" అని అడుగుతుంది నన్ను.

"తమ్ముణ్ణి."

"దూరం నుంచి వచ్చినట్టున్నారు."

మెట్ల మీద చప్పుడవుతుంది. అపార్టుమెంటులోని ఫ్యాన్లన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. తెల్లవి, గోధుమరంగువి, రెక్క వంగిన ముసలిది ఒకటి. తీగలు వెనక ఈడ్చుకుంటూ, నన్ను తప్పించుకుని లోపలికి వెళ్ళి, అక్క చుట్టూ వరసలుగా కూర్చుంటాయి. మే నెల ఎండలో ఒక్కటీ తిరగడం లేదు. నేను స్టూలు పట్టుకుని గుమ్మంలో నిలబడతాను. లోపల అన్నీ ఒక్కసారిగా తలలు వంచుతాయి.