ఇల్లు మనది, జాగా వాళ్ళది

"ఆ మూల వదిలేశావ్ చూడు," అన్నాడు డ్వేన్, మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ.

వెర్నా మోకాళ్ళ మీద ఉంది. చేతిలో బ్రష్, పక్కన బ్లీచింగ్ కలిపిన బకెట్. ఇంటి అడుగుభాగాన్ని చుట్టూ మూసిన ప్లాస్టిక్ పలకలకి పాచి పట్టిందని పార్కువాళ్ళు తలుపుకి నోటీసు అంటించి పోయారు. కడగకపోతే జరిమానా. నోటీసు డ్వేన్ పేరు మీద వచ్చింది. బ్రష్ మాత్రం వెర్నా చేతికే వచ్చింది.

మిషిగన్‌లోని ఆ మొబైల్ ఇళ్ళ పార్కులో అందరిదీ ఒకటే కథ. ఫ్యాక్టరీలో తయారై, లారీ వెనక వచ్చి దిగిన ఇల్లు మనది. అది దిగిన జాగా వాళ్ళది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు జెనీవ్ "అద్దెకొంపలో బతికే ఖర్మ నా కొడుక్కి పట్టలేదు" అని చర్చిలో అందరితో చెప్పుకుంది. ఆ సొంతింటి కింది నేలకి వెర్నా నెలనెలా అద్దె కడుతూనే ఉంది. స్కూలు వంటింట్లో ట్రేలు కడిగిన జీతమంతా దానికే. పార్కుని కొత్త కంపెనీ కొన్నాక నీళ్ళకి వేరే, చెత్తకి వేరే, డ్వేన్ తన పడవని పెరట్లో నిలిపినందుకు వేరే. "నీ జీతం సరిపోతోందిగా, ఇంకేం?" అంటాడతను. అతని జీతం దేనికి సరిపోతోందని అడిగితే "మొదలెట్టావా?" అంటాడు. ఆ ఒక్క మాటకి జడిసి ఎన్ని మాటలు మింగిందో! ఇప్పుడు అద్దె మళ్ళీ పెంచి, రెండేళ్ళ ఒప్పందానికి ఇద్దరి సంతకాలూ కావాలన్నారు. ఒకరు కట్టకపోతే రెండోవాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. కట్టనిదెవరో, మెడ ఎవరిదో ఆమెకి తెలుసు.

అక్క ఓపల్‌కి ఊరవతల ఎకరం నేలుంది. "ఇల్లు ఇక్కడికి లాక్కొచ్చేయవే, నేను పైసా అడగను," అంది. వెర్నా డ్వేన్‌కి చెప్పకుండానే ఇళ్ళు తరలించే మనిషిని పిలిపించింది.

ఆ ముసలాయన ఒక పలక ఊడదీసి ఇంటి కిందకి పాకాడు.

"అమ్మా, ఇరుసులేవీ?"

"ఏ ఇరుసులు?"

"ఇంటితో వచ్చిన ఇరుసులు, చక్రాలు. కిందే ఉండాలి. ఎవరో విప్పుకుపోయారు."

బయటికొచ్చి బట్టలు దులుపుకుంటూ పెరట్లోకి చూశాడు. పడవని మోస్తున్న ట్రైలర్ బండి దగ్గర వంగాడు.

"ఇవిగో, ఇక్కడున్నాయి."

వెర్నా దగ్గరికెళ్ళి వంగి చూసింది. ప్రతి ఆదివారం డ్వేన్‌ పడవని సరస్సుకి మోసుకుపోయినవి తన ఇంటి చక్రాలు. అవి పెరట్లో నిలబడినందుకు నెలనెలా రుసుం కట్టిందీ తనే.

"మళ్ళీ బిగించలేరా?"

"బిగిస్తా. కానీ పర్మిట్లు, ముందో కాపలా బండి, వెనకో బండి, అక్కడ దిమ్మెలు, కరెంటు... ఇల్లు ఖరీదు దాటిపోద్దమ్మా. పైగా పాత ఇల్లు. దారిలో రెండు ముక్కలైతే నన్ననకండి."

సాయంత్రం డ్వేన్‌ని నిలదీసింది. అతను టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు.

"అవును, విప్పా. ఇల్లెక్కడికి పోద్ది? నువ్వెక్కడికి పోతావ్?"

మొదటి ప్రశ్నకి ముసలాయన జవాబు చెప్పి వెళ్ళాడు. రెండోదానికి ఇంకా ఎవరూ చెప్పలేదు. వెర్నా కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. అల్మరాలు తెరిచింది, మూసింది. కదలని ఇంటిని వదల్లేకే ఇక్కడ అందరూ అడిగినంతా కడుతున్నారు. ఇన్నేళ్ళూ తను కట్టింది జాగా అద్దె ఒక్కటేనా?

మర్నాడు పార్కు ఆఫీసులో మేనేజర్ రోండా ఒప్పందం ముందుకి జరిపింది.

"డ్వేన్ గారు పొద్దున్నే సంతకం పెట్టి వెళ్ళారు. మీదొక్కటే మిగిలింది. ఇంట్లో మొత్తం ఎంతమంది ఉంటారు?"

"ఒక్కరే."

రోండా తలెత్తింది. "మరి డ్వేన్ గారో?"

"ఆ ఒక్కరూ ఆయనే," అంది వెర్నా, పెన్ను తిరిగి ఆమె చేతికిచ్చేస్తూ.