సగం కారు

మా కారులో సగం నాది, సగం మా మరిదిది. ఏ సగం ఎవరిదో కొన్న రోజు తేల్చుకోలేదు. కనిపెట్టేదంతా అతని సగమనీ, అనుభవించేదంతా నా సగమనీ అర్థం కావడానికి నాకు నెల పట్టింది.

మరిదంటే మా చెల్లెలి మొగుడు. కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తాడు. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, అద్దాలు మారుస్తూ "ఇది బావుందా? ఇదా? ముందుదే బావుందా?" అని పొద్దస్తమానం అడగడమే అతని పని. షాపులో అడిగితే జీతమిస్తారు. ఇంట్లో అడిగితే ఒళ్ళు మండుతుంది. కారులో అడిగితే దిగి నడిచిపోవాలనిపిస్తుంది.

నేను కేకులు చేస్తాను. అంతకు ముందు పదకొండేళ్ళు ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో గంటె తిప్పాను. రోజూ నాలుగు వందల మందికి వండి, ఒక్కరి నోటి నుంచి కూడా బావుందన్న మాట వినక, చివరికి విసుగెత్తి మానేసి ఇంట్లో ఓవెన్ పెట్టుకున్నాను. ఊరవతల పెద్ద హోటల్ ఒకటి ప్రతి శనివారం మూడు పెద్ద కేకులు తీసుకుంటానంది. ఆ మూడు కేకుల మీదే నా ఓవెన్ నడుస్తోంది. అవి పోతే నేను మళ్ళీ ఆ క్యాంటీన్‌కే పోవాలి. కేకుల్ని బస్సులో మోసుకెళ్ళలేను కదా, అందుకని చెల్లెలి ఇల్లూ మా ఇల్లూ కలిసి కారు కొన్నాం. పొద్దున ఐదు నుంచి పదకొండు దాకా నాది, ఆ తర్వాత అతనిది. ఒప్పందం బాగానే ఉంది. కారే బాగాలేదు.

కాదు, కారు బాగానే ఉంది. దాన్ని బాగుచేసేవాడితోనే వచ్చింది చిక్కంతా.

మొదటి రోజే మరిది డ్యాష్‌బోర్డు అరలో నల్లట్ట నోటుబుక్కు ఒకటి పెట్టాడు. "వదినా, కారు గురించి ఎవరు ఏం కనిపెట్టినా ఇందులో రాయాలి. ఏ సెట్టింగు మార్చినా రాయాలి. రెండోవాళ్ళకి తెలియాలి కదా" అన్నాడు. మంచి మాటే అనుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మొదటి వారంలోనే తొమ్మిది పేజీలు నింపాడు.

"డ్రైవరు పక్క సీటు మీద ఐదు కేజీల బరువు పెడితే మనిషి కూర్చున్నాడనుకుని బెల్టు పెట్టుకోమని అరుస్తుంది. నాలుగున్నర కేజీలకి అరవదు." ఇది తేల్చడానికి నా మైదా సంచులు పట్టుకెళ్ళాడు. అందులో ఒకటి చిరిగింది. ఇప్పటికీ ఏసీ వేస్తే తెల్లగా దుమ్ము లేస్తుంది.

"డ్యాష్‌బోర్డు లైట్లు కళ్ళకి మంచివి కావు. బాగా తగ్గించాను. ఇప్పుడు బావుందా?" ఎక్కడ బావుంది? పెట్రోలు ఎంతుందో చూడాలంటే చెయ్యి అడ్డం పెట్టుకుని వంగి చూడాలి. కళ్ళ డాక్టరు పక్కనుంటే కళ్ళజోడు తప్పదంటే ఇదే కాబోలు.

"సీటు వేడెక్కే బటన్ వెనక సీటుకి కూడా ఉంది! మొన్న వేసి చూశాను." అవును నాయనా, వేసి చూశావు, ఆపడం మర్చిపోయావు. ఆ సీటు మీద పెట్టిన బాక్సులో నా క్రీము గులాబీలన్నీ జావైపోయాయి.

నేను కూడా రాశాను. "కారులో ఉల్లిపాయ బజ్జీలు తిన్నదెవరో నేను కనిపెట్టాను. ఇంకోసారి తింటే నా కేకులు ఆ వాసన పట్టుకుంటాయి." దానికింద అతను ఎర్ర ఇంకుతో, "ఇది కారు లక్షణం కిందకి రాదు, వదినా" అని రాశాడు. చదివి స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. హారన్ మోగింది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. బ్రేకు సంగతే ఓర్చుకోలేకపోయాను.

ఈ కారుకి తనంతట తానే ఆగే గుణం ఉంది. ఎదురుగా ఏదైనా అడ్డొస్తుందనిపిస్తే మనం తొక్కకపోయినా బ్రేకు పడుతుంది. వినడానికి బ్రహ్మాండంగానే ఉంటుంది. కానీ దానికి మనిషికీ ప్లాస్టిక్ సంచికీ తేడా తెలియదు. మొదటి శనివారం గాలికెగిరిన సంచిని చూసి ఠపీమని ఆగింది. వెనక మూడంతస్తుల కేకు రెండంతస్తులైంది. ఆ తర్వాతి శనివారం, మలుపు దగ్గర రోజూ ఆగి ఉండే లారీని చూసి, అదేదో మీదికొస్తున్నట్టు బెదిరి ఆగింది. చాక్లెట్ కేకు బాక్సు మూతకి అతుక్కుపోయింది.

హోటల్లో పెద్ద వంటాయన మర్యాదస్తుడు. మొదటిసారి ఏమీ అనలేదు. రెండోసారి మూత తెరిచి, మళ్ళీ మూసేసి, "చూడమ్మా, నీ చేతి కేకు నాకిష్టం. కానీ శనివారం సాయంత్రం టేబుల్ దగ్గర జనం ఎదురుచూస్తుంటారు. మూడోసారి ఇలా జరిగితే నేను వేరేవాళ్ళని చూసుకోక తప్పదు" అన్నాడు.

నేరుగా చెల్లెలి ఇంటికెళ్ళి మరిదిని నిలబెట్టి అడిగాను. "ఆ బ్రేకుని ఆపేసే మార్గం ఉందా, లేదా?"

"ఉంది వదినా. స్టీరింగుకి ఎడమ పక్క బటను మూడు సెకన్లు నొక్కితే ఆగిపోతుంది. మళ్ళీ మూడు సెకన్లు నొక్కితేనే వస్తుంది. తమాషా ఏంటంటే, రెండిటికీ ఒకటే టింగుమనే చప్పుడు! బుక్కులో పదిహేడో పేజీలో రాశాను."

"అయితే ఆపెయ్."

"అమ్మో! అది ప్రాణాలకి సంబంధించింది."

"నా ప్రాణం పోతోందిక్కడ!"

"మీది కేకు వదినా."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా? ఆ రోజు నేను అతన్ని అనరాని మాటలన్నాను. జీవితంలో నీ చేత్తో ఒక్క వస్తువు చేసి ఎరుగుదువా, ఉన్న బటన్లు నొక్కడం తప్ప అన్నాను. అతని ముఖం చిన్నబోయింది. మా చెల్లెలు వంటింట్లోంచి వచ్చి నన్నూ, మొగుణ్ణీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది. మర్నాడు నోటుబుక్కు తెరిస్తే, ఆ బ్రేకుని ఎందుకు ఆపకూడదో ఎర్ర ఇంకుతో మూడు పేజీలు రాసి ఉంది. పూర్తిగా చదవకుండానే మూసేశాను.

మూడో శనివారం పొద్దున్నే మూడు కేకుల్నీ వెనక సీట్లో సర్దాను. కింద రబ్బరు చాప, చుట్టూ మడిచిన దుప్పట్లు. పెద్దది ఎవరి పెళ్ళిరోజుకో, మూడంతస్తులు, చుట్టూ చేత్తో చేసిన నూటయాభై చిన్న పూలు. ఆ పూల కోసం శుక్రవారమంతా నడుం ఎత్తలేదు. స్టీరింగు ముందు కూర్చుని, అటూ ఇటూ చూసి, దొంగతనం చేస్తున్నదాన్లా ఎడమ పక్క బటను మూడు సెకన్లు నొక్కాను. టింగుమంది. ఇక ఆ బ్రేకు పీడ విరగడైందనుకున్నాను. పదకొండింటికి తిరిగొచ్చాక మళ్ళీ నొక్కేస్తే అతనికి తెలియదు. బుక్కులో రాయలేదు. రాస్తే ఇంకో మూడు పేజీలు చదవాలి.

మలుపు దగ్గర ఆ రోజు లారీ లేదు. నా అదృష్టమే అదృష్టం అనుకున్నాను. హోటల్ ఇంకా రెండు వీధులుంది. నిజం చెప్పాలంటే, ఆ రెండు వీధుల్లో నేను రోడ్డు చూడలేదు. పైనున్న అద్దంలో నా కేకుని చూసుకుంటున్నాను. పెద్ద కేకు పై అంతస్తు ఒక పక్కకి ఒరిగిందా, లేక నా భ్రమా అని చూస్తున్నాను.

కారు ఆగింది.

నేను ఆపలేదు. నా కాలు ఇంకా యాక్సిలరేటరు మీదే ఉంది. బెల్టు ఛాతీకి బిగుసుకుంది. వెనక ధబ్బున చప్పుడైంది. ముందుకి చూస్తే, బంపరుకి మూరెడు దూరంలో ఒక మనిషి వీపు. ఇద్దరు మనుషులు ఒక ఇంట్లోంచి సోఫా మోసుకొస్తున్నారు. ఈ చివరున్నవాడు వెనక్కి నడుస్తూ, నిలిపి ఉంచిన వ్యాను పక్కనుంచి నేరుగా రోడ్డు మీదికొచ్చాడు. అతనికి నేను కనపడలేదు. ఆ చివరున్నవాడు నన్ను చూసి కేక పెట్టాడు. అప్పుడు ఇతను తిరిగి చూశాడు.

"ఏంటమ్మా, కళ్ళు నెత్తికెక్కాయా? ఎటు చూస్తున్నావ్?" అన్నాడు.

నా నోటికి జడిసి కూరగాయల బండివాళ్ళు కూడా బేరం త్వరగా తెంచేస్తారు. అలాంటిదాన్ని, చేతులు రెండూ జోడించాను. అతను నా ముఖం చూసి ఏమనుకున్నాడో, కోపం తగ్గించుకుని, "సరే సరే, చూసి పోనివ్వు" అని సోఫా ఎత్తుకున్నాడు. ఆ మనిషి వేళ్ళు సోఫా అంచుని పట్టుకున్న తీరు, చొక్కా వీపున చెమట మరక, అన్నీ ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి.

అక్కడే పావుగంట కూర్చున్నాను. ఆపేసిన బ్రేకు ఎలా పడిందో ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు. వెనక్కి తిరిగి చూడ్డానికి ధైర్యం చాలలేదు. చూశాక ఇంకేముంది, పెద్ద కేకు కింద, చిన్నవి రెండూ దాని మీద, పూలన్నీ దుప్పటికి.

హోటల్ వంటాయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముందు అడిగిన మాట, "మనిషికేం కాలేదు కదా?" అని.

"లేదండీ."

"అదే పదివేలు" అన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుని, నా వంక చూడకుండా, "వచ్చే శనివారం నుంచి ఇంకోచోట చెప్పుకుంటామమ్మా. ఏమీ అనుకోవద్దు" అన్నాడు. ఏమనుకుంటాను? ముందే చెప్పిన మాటే కదా.

పదకొండింటికి తాళాల కోసం మరిది మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. పక్కన చెల్లెలు. నా చేతిలో బాక్సులు చూసి అతని ముఖం పాలిపోయింది.

"మళ్ళీ ఆగిందా? ఎలా ఆగుతుంది? నేను నిన్న సాయంత్రమే ఆపేశానే!" అన్నాడు. అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"ఏం చేశావ్?"

"మీరన్న మాటకి... వారమంతా ఆలోచించాను వదినా. మీ పని పాడైపోతుంటే నేను పేజీలు రాసుకుంటూ కూర్చున్నాననిపించింది. ఆపేశాను. మూడు పేజీలు రాసి, మళ్ళీ ఆపేశానని ఏ ముఖంతో రాయను? అందుకే రాయలేదు."

బాక్సులు కింద పెట్టాను. "నేను పొద్దున నొక్కాను" అన్నాను. "ఆపుతున్నాననుకుని."

అప్పుడు సోఫా సంగతి చెప్పాను. అద్దంలో కేకు చూసుకుంటూ నడిపానని కూడా చెప్పాను. అతను మెట్టు మీద కూలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుస్తున్నాడు. ఎంత తుడిచినా పెట్టుకోవడం లేదు. అతన్ని తిట్టడానికి దారి పొడుగునా మాటలు పేర్చుకొచ్చాను. ఒక్కటీ పనికి రాలేదు.

మా చెల్లెలు మాత్రం లెక్క చేస్తున్నట్టు కాసేపు నిలబడి, "అంటే మీ ఇద్దరిలో ఏ ఒక్కరు బుద్ధిగా ఉన్నా ఆ మనిషి పోయేవాడన్నమాట" అంది.

నిజమే మరి. అతనొక్కడే నొక్కినా, నేనొక్కదాన్నే నొక్కినా, ఆ మనిషి ఇల్లు చేరేవాడు కాడు. ఇద్దరం ఒకరికొకరు తెలియకుండా తప్పు చేశాం కాబట్టి చేరాడు. దీనికి సంతోషించాలని నాకు తెలుసు, ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ పూలన్నీ దుప్పటి మీంచి గీకుతుంటే ఏడుపాగలేదు. మనిషి మిగిలినందుకు ఏడ్చానో, ఆర్డరు పోయినందుకు ఏడ్చానో నాకే తెలియదు. రెండూ అనే చెప్తాను, అబద్ధమెందుకు?

సాయంత్రం క్యాంటీన్ సూపర్‌వైజరుకి ఫోన్ చేశాను. "వస్తావని తెలుసు" అని ఎత్తిపొడిచి, "కారు కొన్నావటగా? ఇక బస్సు లేటైందనే మాట వినపడకూడదు" అన్నాడు. వినపడదన్నాను. మరిది పక్కనే నిలబడి, "రోజూ నేను దింపనా వదినా?" అని మెల్లగా అడిగాడు. వద్దన్నాను, పదకొండింటికి వచ్చి కారు తీసుకుపొమ్మన్నాను. ఐదు నుంచి పదకొండు నాదే కదా.

సోమవారం తెల్లవారగానే బయల్దేరాను. వెనక సీటు ఖాళీ. పడిపోయేదీ, ఒరిగిపోయేదీ ఏమీ లేదు. రోడ్డంతా ఖాళీ. అయినా ముప్ఫై దాటలేదు, కళ్ళు రోడ్డు మీంచి తీయలేదు. వెనకొచ్చినవాళ్ళంతా హారన్లు కొట్టారు, ఒకడు పక్కనుంచి పోతూ చెయ్యి ఊపి తిట్టాడు కూడా. కొట్టుకోండర్రా, తిట్టుకోండి అనుకున్నాను.