ముందు ఎవరు దిగాలి

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ తెలుగు బడిలో ఆ రోజు కంప్యూటర్ గది ప్రారంభోత్సవం. నాలుగింటికి రిబ్బను కత్తిరించాలి. నాలుగున్నర దాటింది. గేటుకు ఆ పక్క ఒక కారు, ఈ పక్క ఒక కారు ఆగి ఉన్నాయి. ఒకదాంట్లో రైల్వే పెద్ద ఆఫీసరు, ఇంకోదాంట్లో కంప్యూటర్లు దానం చేసిన కంపెనీ మేనేజరు. ఎవరూ దిగడం లేదు.

కంప్యూటర్ టీచరు డయానా మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటోంది. పదో తరగతి ఏంజలిన్ స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఐదింటితో గడువు తీరిపోతుంది. ఫోన్‌లో ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ సైటు తెరుచుకోలేదు.

"సార్, ఒక్క పది నిమిషాలు గదిలోకి వెళ్ళొస్తాను," అని బడి సెక్రటరీ విల్‌ఫ్రెడ్‌ను అడిగింది.

"ఏటమ్మా నువ్వు. రిబ్బను కొయ్యకుండా లోపలికెలాగెళ్తావు? ప్రోటోకాల్ ఉంటాది గదా."

"మరి వాళ్ళెందుకు దిగట్లేదు సార్?"

"అదీ ప్రోటోకాలే. ఆఫీసరుగారు దిగీసరికి తక్కినోళ్ళంతా నిలబడుండాల. మేనేజరుగారి కంపెనీలోనేమో, దానమిచ్చినోడికి ముఖ్య అతిథే ఎదురెళ్ళి తీసుకురావాలంట. మెయిల్లో రాసి మరీ పంపినారు."

డయానా ఇన్నాళ్ళూ నల్లబల్ల మీద బొమ్మలు గీసి, ప్రోటోకాల్ అంటే రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి అని చెప్పేది. ఒకటి పలకరిస్తుంది, రెండోది విన్నానంటుంది, మొదటిది సరేనంటుంది, పని మొదలవుతుంది. ముందు పలకరిస్తే పరువు పోతుందన్న సంగతి పాపం వాటికి తెలియదు.

వాచ్‌మన్ ఆమోసు దగ్గరికొచ్చాడు. రిటైరయ్యేదాకా రైల్వే కేబిన్లో సిగ్నళ్ళు చూసినవాడు.

"సింగిల్ లైను మీద రెండు పక్కలా బండిని రమ్మని లైన్ క్లియర్ ఇస్తే గుద్దుకుంటాయమ్మా. ముప్పయ్యేళ్ళలో ఒక్కసారీ ఇవ్వనేదు నాను," అన్నాడు. "ఈయాల ఇచ్చెస్తాను."

ఒక కారు దగ్గరికి వెళ్ళి, "బాబూ, ఆ కార్లో బాబుగారు దిగిపోనారు. తమరి కోసమే నిలబడినారు," అన్నాడు. రెండో కారు దగ్గరా అదే మాట. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. గేటు మధ్యలో ఎదురుపడిన పెద్దమనుషులిద్దరూ, అవతలివాడే ముందు నమస్కారం పెడతాడని చెరొక చిరునవ్వుతో ఆగిపోయారు. దండలతో పరుగెత్తిన విల్‌ఫ్రెడ్, ఏ మెడ ముందో తేలక మధ్యలో నిలబడ్డాడు.

డయానా రిబ్బను కింద నుంచి వంగి గదిలోకి దూరింది.

ఏంజలిన్ పేరు, తండ్రి పేరు, మార్కులు. ఐదుకు రెండు నిమిషాలుండగా తెర మీద దరఖాస్తు నంబరు పడింది. ప్రింటరు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఆ నంబరును పెన్నుతో అరచేతిలో రాసుకుని ఆమె పక్కకు జరిగేసరికి రిబ్బను తెగింది.

అతిథులిద్దరూ లోపలికి వచ్చారు. మొదటి కంప్యూటర్ ప్రారంభించే గౌరవం ఒక్కరికే పోకుండా, రెండు వేళ్ళూ కలిపి మీట నొక్కారు. డయానా అప్పటికే వెలిగించి ఉంచిన తెర నల్లబడింది.

అందరూ చప్పట్లు కొట్టారు. డయానా కొట్టలేదు. అరచేతిలో సిరా ఇంకా ఆరలేదు.