ఊడదీసిన మెష్

ఆదివారం పొద్దున్నే వంటింటి కిటికీ మెష్ ఊడదీసి, బాత్‌రూమ్ నేల మీద పరిచి, పాత టూత్‌బ్రష్‌తో తోమడం మొదలుపెట్టింది ఆమె. ఇంటిల్లిపాదీ తిని తేన్చిన వంటల జిడ్డంతా ఆ కన్నాల్లోనే పేరుకుపోయింది. వేడినీళ్ళు పోసినా, సబ్బు పొడి చల్లినా నల్లటి జిగురు సాగుతోందే తప్ప ఊడి రావడం లేదు. కొత్తది వేయించమని అడిగి అడిగి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. "కడిగితే పోయేదానికి కొత్తదెందుకు?" అంటాడు భర్త. కడిగేది తను కాదుగా మరి!

ఆమధ్య స్టవ్ ముందు నిలబడితే ఊపిరాడటం లేదని చెబితే, "కాసేపు హాల్లోకొచ్చి కూర్చోరాదూ?" అన్నాడు. నిజమే కాబోలనుకుని వచ్చి కూర్చుంది. కూర్చుందో లేదో అత్తగారు, "స్టవ్ మీద ఏదన్నా పెట్టి మర్చిపోయావేమో, చూసుకో అమ్మాయ్" అంది. దగ్గు ముదిరాక చూసిన డాక్టరు, వంట చేసే చోట గాలి ఆడాలని గట్టిగానే చెప్పింది. భర్త బుద్ధిగా తలూపి, మెట్లు దిగుతూనే, "వాళ్ళలాగే అంటార్లే" అని తేల్చేశాడు.

బెల్ మోగింది. మెష్‌లు బిగించే అతను వచ్చాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది. చెప్పకుండానే పిలిపించాడే అని మొగుడి మీద కాస్త ప్రేమ కూడా పుట్టింది, పిచ్చి మనసు! బ్రష్ పక్కన పెట్టి చెవులు రిక్కించింది. హాలు కొలిచారు. పడగ్గది కొలిచారు. అత్తగారి గది అయింది. తర్వాత మనిషన్నవాడు అడుగు పెట్టని సామాన్ల గది.

"దీనిక్కూడా వేసెయ్. గాలి ఆడకపోతే లోపల పెట్టెలు చెమ్మగిల్లిపోతాయి" అంటున్నాడు భర్త.

"వంటింటిది కొలవమంటారా సార్?"

"వద్దులే. అది మా ఆవిడ కడిగేస్తోంది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పెట్టెలకు గాలి కావాలని తెలిసిన మనిషే ఈయన. తెలియక కాదన్నమాట ఇన్నాళ్ళూ. తడి మెష్‌ను అలాగే చుట్టచుట్టి చెత్తబుట్టలో కుక్కింది. వంటింట్లోకి వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. గాలి లోపలికి వచ్చింది. గుండెల నిండా పీల్చుకుంది.

చీకటి పడేసరికి దోమలూ వచ్చాయి. కొత్త మెష్‌లన్నీ సాయంత్రానికల్లా ఎక్కడివక్కడ బిగించేసి ఉన్నా, వంటింటి దారిన దర్జాగా ఇల్లంతా తిరిగాయి.

"ఆ కిటికీ ఏదో మూయవే అమ్మాయ్, పీక్కు తినేస్తున్నాయి!" చేతులు చరుచుకుంటూ కేకేసింది అత్తగారు. ఆమె కూర తిప్పుతూనే ఉంది. భర్త విసవిసా వచ్చి కిటికీ గడియ మీద చెయ్యి వేశాడు.

"నీకేమన్నా మతి పోయిందా? చెబుతుంటే వినపడట్లేదూ?"

"మూసుకోండి" అంది ఆమె స్టవ్ ఆర్పేసి. "కిటికీ తెరిచి ఉంటేనే నేను వండుతాను. మూస్తే, ఇక్కడ ఊపిరాడేవాళ్ళెవరో వాళ్ళే వచ్చి వండుకోండి."