వంక పెట్టని బెల్లం

మా ఆయన రామ్‌గోపాల్ కార్పొరేటరుగా నిలబడుతున్నారని తెలిసి మా పుట్టింటివాళ్ళు ఫోన్ చేశారు. ఎవరో పోయినట్టు ఓదార్చారు. నేనూ అలాగే ఊఁ కొట్టాను. ఏ పార్టీ అండా లేదు, వెంట తిరగడానికి మనుషులు లేరు, వచ్చిన గుర్తు చూస్తే ఇస్త్రీపెట్టె. ఈయన అడిగింది చెరకుగడ. అది ఇవ్వరట. "పోనీలేవే భానూ, ఇస్త్రీపెట్టయితే ఇంటింటా ఉంటాది కదా," అని నాకు చెబుతున్నట్టుగా తనకు తనే సర్దిచెప్పుకున్నారు. చేతికి ఏదొస్తే అందులోనే మంచి వెతుక్కునే మనిషి. అందుకే నాకు ఆయన మీద ఒళ్ళుమంట, అందుకే జాలి కూడా.

ఎన్నికల పిచ్చి అని ఊళ్ళో నవ్వుకున్నారు. ఆయన సంగతి వాళ్ళకేం తెలుసు? మాది అనకాపల్లిలో పాత బెల్లం వీధి. ఇప్పుడు పేరులో తప్ప వీధిలో బెల్లం లేదు. వరసగా షట్టర్లు. ఒకదాంట్లో మోటారుసైకిల్ సామాన్లు, ఒకదాంట్లో ప్లాస్టిక్ కుర్చీలు, మిగతావాటికి తుప్పు. మా బెల్లం కొట్టు షట్టరు దించి ఆరేళ్ళయింది. ఆయన పక్క వీధిలో బియ్యం అమ్ముకుంటున్నారు. రోజూ కొట్టు మూసి ఇంటికి వచ్చేటప్పుడు తిన్నగా రాకుండా ఈ వీధి చివరిదాకా ఒకసారి నడిచివెళ్ళి వస్తారు. ఎందుకండీ అంటే, "ఊరికే" అంటారు.

ఆ ఊరికే నడిచిన నడకల్లోంచే ఆయన ప్లాను పుట్టింది. విశాఖపట్నంలో ఒక కుర్రాడి చేత కంప్యూటరు బొమ్మ గీయించి పెద్ద ఫ్లెక్సీ వేయించారు. అందులో మా వీధికి రెండువైపులా పెంకుల వసారాలు, కాలవల మీద రాతిపలకలు, వేపచెట్ల కింద బల్లలు. మధ్యలో పెద్ద పెనం మీద చెరకురసం కాగుతుంటుంది. రైతులు పల్లెల నుంచి బెల్లం తెచ్చి నేరుగా అక్కడే అమ్ముకుంటారు. రైలు దిగినవాళ్ళు నడిచి వచ్చి, ఆకుదొన్నెలో వేడి పాకం తిని, బెల్లం దిమ్మ చంకన పెట్టుకుని వెళతారు. "విశాఖలో మన వార్డు కలిసిపోయింది సరే. ఊరు కూడా కలిసిపోవాలా? బెల్లం కోసం జనం మన ఊరు రావాలి," అనేవారు. చెబుతున్నంతసేపూ ఆయన మొహం పెళ్ళినాటి ఫొటోలో ఉన్నట్టు ఉండేది. నాకు నమ్మకం కలగలేదు గానీ ఆ మొహం చూడటం ఇష్టంగా ఉండేది.

ఆ ప్లాను బాగోగులు విచారించే మనిషి ఇంట్లో ఒక్కరే, మా మావయ్యగారు శ్రీరామచంద్రమూర్తి. యాభై ఏళ్ళు బెల్లం వ్యాపారం చేసిన మనిషి. మధ్యాహ్నం భోజనానికి కూర్చోగానే మొదలుపెట్టేవారు.

"వసారాకి పెంకు వేసేవు, బానే ఉంది. పొగ ఎటు పోతాదిరా? పెనం ఎదర కూర్చున్నవాడు మనిషి కాడా?"

"గొట్టం పెడతాను నాన్నా."

"గొట్టవంట! వర్షం పడితే గొట్టంలోంచి నీళ్ళు పాకంలో పడతాయి. ఇంతా చదివి నువ్వు గీయించిందేటి? బళ్ళు ఎటు తిరుగుతాయో కూడా రాయలేదు. ఎద్దుకి రివర్సు గేరుంటాదేట్రా?"

మా ఆయన ముద్ద కంచంలో వదిలేసి లేచి వెళ్ళిపోయేవారు. సాయంత్రానికి మాత్రం విశాఖపట్నం కుర్రాడికి ఫోన్ చేసి బండ్లు తిరగడానికి జాగా పెట్టమని చెప్పేవారు. ఒకరోజు పొగ, మరునాడు ఎద్దు, ఆ మరునాడు నీళ్ళ తొట్టి. ఫ్లెక్సీ మూడుసార్లు మారింది. తండ్రీకొడుకుల మధ్య ఇన్ని మాటలు నడవడం నా కాపురంలో నేను చూసింది ఆ నెలరోజులే. పైకి విసుక్కున్నాను గానీ వడ్డించే దానిలో మాత్రం ఎవరికీ తక్కువ చెయ్యలేదు.

అయితే మొత్తం ప్లాను ఒక మనిషి మీద నిలబడి ఉంది. కొండకర్ల దగ్గరి రైతు త్రినాధరావు. మా కొట్టు నడిచినన్నాళ్ళూ బెల్లం మా కొట్టుకే తెచ్చాడు. అతని బండి ఒక్కటి మళ్ళీ ఈ వీధిలోకి వస్తే చాలు, చూసినవాళ్ళు తామూ వస్తారని మా ఆయన లెక్క. ప్రచారం మొదలుపెట్టే రోజున మూసిన షట్టరు ఎత్తి, త్రినాధరావు తెచ్చిన కొత్త బెల్లం అందరి నోట్లో పెట్టి ఓటు అడగాలని అనుకున్నారు. స్కూటరు వేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళి వచ్చారు.

"ఒప్పుకున్నాడే! 'అలాగే బాబూ, బెల్లం అట్టుకొత్తాను' అన్నాడు."

"చెరకు తోట చూశారా?"

"చూడ్డమేటే? పెద్దమనిషి మాట ఇచ్చేడు. అరుగు మీద కూర్చోబెట్టి కొబ్బరిబొండాం కొట్టి ఇచ్చేడు. తోట చూపించు అంటే ఏం బావుంటాది? అనుమానించినట్టుండదూ?"

మా వాళ్ళ మర్యాదలు ఇలాగే ఉంటాయి.

ఆ ఆదివారం పొద్దున్న షట్టరు ఎత్తారు. లోపల ఎలుకల కంపు. నేనూ పనమ్మాయి చిన్నమ్మలూ కడిగి ముగ్గు వేశాం. ఎదర ఫ్లెక్సీ కట్టారు, మైకు పెట్టారు. అరవై డెబ్భై మంది వచ్చారు. ఒకప్పటి వర్తకులు ముందువరస కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళలో కన్నబాబుగారు మా మావయ్యగారికి పాత పోటీదారు, మంచి బెల్లానికి కూడా ముక్కు చిట్లించడంలో ఈ వీధిలో పేరు మోసిన మనిషి. మా మావయ్యగారిని మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు.

త్రినాధరావు ట్రాలీ ఆటోలో వచ్చాడు. గోనెపట్టాల్లో చుట్టిన దిమ్మలు దింపారు. చెయ్యి పట్టుకుని మా ఆయన అతన్ని ఫ్లెక్సీ పక్కన నిలబెట్టారు.

"ఈ మామని చూడండి," అన్నారు మైకులో. "మన ఊరు అయిపోయిందన్నవాళ్ళకి ఈయనే జవాబు. ఈరోజు ఒక్క బండి వచ్చింది. రేపు పది వస్తాయి. బెల్లం ఉన్నంతకాలం ఈ వీధికి చావు లేదు."

చప్పట్లు పడ్డాయి. దిమ్మ పగలగొట్టి పళ్ళెంలో ముక్కలు వేసి నాకు ఇచ్చారు. నేను అందరికీ అందిస్తూ, అలవాటు కొద్దీ ఒక పలుకు నోట్లో వేసుకున్నాను.

పంచదార.

ఇరవై ఏళ్ళు బెల్లం ఇంట్లో కాపురం చేసినదాన్ని, నాకే తెలిసిపోయింది. పంచదార కలిపి రంగు తేల్చిన సరుకు. నాలుక మీద చల్లగా కరిగి, చెరకు వాసన లేకుండా పోయింది. తలెత్తి మా ఆయన వైపు చూశాను. ఆయన నోట్లోనూ ముక్క ఉంది. దవడ ఆగిపోయింది. మైకు చేతిలోనే ఉంది. త్రినాధరావు నేల చూపులు చూస్తున్నాడు.

ఈ వీధిలో ఎవరూ ఏనాడూ ఒక దిమ్మను బాగుందన్నది నేను వినలేదు. పాకం ముదిరిందనేవారు, ఉప్పు తగిలిందనేవారు, చెమ్మ పట్టిందనేవారు. మేలిమి బంగారం లాంటి సరుకు తెచ్చినా ఏదో ఒక వంక పెట్టాకే ధర మాట్లాడేవారు. రైతు ఎదురు తిట్టేవాడు. ఆ గొడవంతా అయ్యాక ఇద్దరూ కలిసి టీ తాగేవారు. వంక పెట్టారంటే సరుకు కొంటారన్నమాటే. అటువంటిది, కన్నబాబుగారు ముక్క చప్పరించి, కండువాతో మూతి తుడుచుకుని, "బావుంది," అన్నారు.

పక్కనున్నాయన కూడా "చాలా బావుంది" అన్నాడు. వెనకవరసలోంచి ఎవరో "పాతరోజుల బెల్లం" అన్నారు. ఒక్కరూ మొహం చిట్లించలేదు. అందరూ మా ఆయన వైపు ఎంతో మంచిగా చూస్తున్నారు, చావింటికి పలకరింపుకొచ్చినవాళ్ళు చూసినట్టు.

మిగిలింది మా మావయ్యగారు. పళ్ళెం ఆయన ముందు పట్టుకున్నాను. ఈయన తిడతారు, కచ్చితంగా తిడతారు, అందరి ముందూ కొడుకు పరువు పోతుంది అని భయపడ్డాను. లోపల ఇంకో మనసు తిట్టమనే కోరుకుంది. ఆయన ముక్క తీసుకున్నారు. కళ్ళు మూసుకుని నెమ్మదిగా నమిలారు. వీధంతా ఆయన కోసం ఆగింది.

"బాగుందిరా," అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన నమస్కారం పెట్టి, ఇస్త్రీపెట్టె గుర్తుకు ఓటెయ్యమని చెప్పి మైకు కట్టేశారు.

జనం వెళ్ళాక కొట్టు లోపల త్రినాధరావు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మా ఆయన దగ్గరికి వెళ్ళి అడిగారు.

"ఎక్కడిది మామా?"

"బజార్లోనే కొన్నాను బాబూ," అన్నాడు త్రినాధరావు. "సెరుకు తీసేసి సరుగుడు మొక్కలేసేసేను. మూడో ఏడు నడుత్తంది. కొడుకులిద్దరూ కంపెనీ డూటీల్లో ఉన్నారు. గడ కొట్టీవోడు లేడు, రసం కాసీవోడు లేడు. మాకాడ ఇంకెవులూ సెరుకేత్తం లేదు."

"ఆ రోజే చెప్పొచ్చు కదా."

"సెప్దావనే అనుకున్నాను. నువ్వేటో సిన్నపిల్లోడి లాగ అంత ఆశగా సూత్తన్నావు. సావుకారు బాబు కొడుకు నా గుమ్మంలోకొచ్చి అడిగితే లేదని ఎలాగ సెప్పీది? నోరు రాలేదు." కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఓటైనా ఏద్దునా అంటే, నా ఓటు మా ఊళ్ళో ఉండిపోయింది."

మా ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి ఆటోదాకా దిగబెట్టి వచ్చారు. తిట్టి పంపించినా బాగుండేది. అతన్ని నాలుగు తిట్టాలని నా నోటిదాకా వచ్చింది గానీ, ఎవరి తప్పని తిట్టను? అడిగినవాడిదా, కాదనలేనివాడిదా?

ఇంటికి వచ్చేసరికి మావయ్యగారు కంచం ముందు కూర్చుని ఉన్నారు. మా ఆయన కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"మీకు తెలిసింది కదా నాన్నా."

"తెలీకేం."

"మరి అందరి ముందూ బాగుందన్నారేటి? చెంప మీద కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. మొత్తం దిమ్మ రోడ్డు మీదకి గిరాటెయ్యాల్సింది. మీరు గిరాటేస్తారనుకున్నాను."

మావయ్యగారు కంచంలో పప్పు కలుపుతూ కూర్చున్నారు.

"వంక ఎవడికి పెడతార్రా?" అన్నారు చివరికి. "రేపు మళ్ళీ తెచ్చేవాడికి పెడతాం. ఇవాళ తిట్టించుకుంటే రేపు కాస్త చూసుకుని వండుతాడని. ఇంక తేనివాడికి వంకెందుకు? బాగుందని చెప్పి పంపించేస్తాం."

మా ఆయనకు ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. నాకూ అక్కడే తగిలింది. అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఆయన గబగబా లోపలికి వెళ్ళి, ప్లాను బొమ్మ వేసిన చిన్న కాగితం తెచ్చి మావయ్యగారి కంచం పక్కన పరిచారు.

"మరి ఇది? నిన్న నీళ్ళ తొట్టి సంగతి సగంలో ఆపేరు. తొట్టి ఎక్కడ పెట్టాలి నాన్నా? ఈ మూలన పెడితే బళ్ళకి అడ్డం కదా? కాలవ వాటం కూడా సరిగ్గా లేదనుకుంటాను. చూడండి."

మావయ్యగారు ఎడమచేత్తో కాగితం తీసుకున్నారు. కళ్ళకు దగ్గరగా పట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశారు. వసారాలు, బల్లలు, వేపచెట్లు, పెనం చుట్టూ నవ్వుతున్న జనం. ఏదో ఒకటి దొరుకుతుందేమోనని నిజంగానే వెతుకుతున్నారు అనిపించింది నాకు. వెతకమని మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

"ఒక్కటి చెప్పండి నాన్నా," అన్నారు మా ఆయన. "ఒక్క వంక పెట్టండి. సాయంత్రానికి మార్పిస్తాను."

మావయ్యగారు కాగితాన్ని జాగ్రత్తగా మడిచి కొడుకు చేతిలో పెట్టారు.

"అంతా బాగుందిరా," అన్నారు. "కూర్చో. అన్నం తిను."